యూరియా వరిగడ్డి: ఆరు వేసవులు మేపాక

మాకు నాలుగు ముర్రా గేదెలు. గోదావరి డెల్టాలో వేసవికి కాలవలు కట్టేస్తే గట్ల మీద పచ్చిగడ్డి ఎండిపోతుంది, వామిలో వరిగడ్డే దిక్కు. ఒట్టి వరిగడ్డి తిన్న గేదెకి కడుపు నిండినట్టే ఉంటుంది. పేడ చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. గట్టిగా, అరగని పీచులతో పడుతుంది. అందుకే ఆరేళ్ల కిందట యూరియాతో గడ్డి మాగబెట్టడం మొదలుపెట్టాను.

నా కొలత 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. యూరియాని ఆ నీళ్లలో కరిగిస్తాను. గడ్డి వరసలుగా పరిచి, ఆ నీళ్లు చల్లి, కాళ్లతో తొక్కి, టార్పాలిన్ కప్పి అంచులకు మట్టి వేస్తాను. 21 రోజులు తీయను. మొదటి ఏడాది సరిగా తొక్కలేదు, అంచుల్లో బూజు పట్టింది. ఆ గడ్డంతా పారబోశాను. బాగా మాగిన గడ్డి ముదురు పసుపు రంగులో మెత్తగా ఉంటుంది, తెరవగానే ఘాటుకి కళ్లు మండుతాయి. ఆ ఘాటు పోయేదాకా ఆరబెట్టి వేయాలి. మొదట్లో గేదెలు మూతి తిప్పుకున్నాయి. మామూలు గడ్డిలో కొద్దికొద్దిగా కలుపుతూ పది రోజుల్లో అలవాటు చేశాను.

రెండు వారాలకు పేడ మెత్తబడింది, పీచు తగ్గింది. పాలు పెద్దగా పెరగలేదు, ఆ ఆశతో మొదలుపెట్టకండి. కానీ గేదెకి రోజుకో కిలో దాణా తగ్గించినా పాలు పడిపోలేదు. మాగేటప్పుడు యూరియా అమ్మోనియాగా మారి పీచుని వదులు చేస్తుంది, గేదె పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు అందులోని నత్రజనితో మాంసకృత్తులు తయారుచేసుకుంటాయి. ఒట్టి గడ్డిలో 3, 4 శాతం ఉండే మాంసకృత్తులు మాగాక 7 దాకా వెళ్తాయి. సూక్ష్మజీవులకి ఆ పనికి బలం కావాలి కాబట్టి తవుడు మానకూడదు. ఆరు నెలల లోపు దూడలకి మాత్రం ఈ గడ్డి వేయొద్దు.

మూడో ఏడు నా అజాగ్రత్త వల్ల ఒక పడ్డని పోగొట్టుకోబోయాను. యూరియా కలిపిన నీళ్లు బకెట్లో మిగిలితే పాక పక్కనే వదిలేశాను. అది తాగేసింది. కాసేపటికే పొట్ట ఉబ్బి, వణుకుతూ, నోట్లోంచి నురగ కార్చింది. పశువుల డాక్టరు గారు వచ్చి చల్లటి నీళ్లలో వెనిగర్ కలిపి గొట్టంతో పట్టించారు. బతికింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. అప్పటినుంచి యూరియా నీళ్లు పాక దరిదాపుల్లో కలపను, మిగిలింది చేలో పోసేస్తాను.

కోళ్లఫారం లిట్టర్ (కోళ్ల కింద పరిచిన పొట్టు, రెట్టతో సహా) మేపితే ఇంకా చవక అని చెప్పేవాళ్లున్నారు. అందులోని యూరిక్ ఆమ్లం కూడా పెద్దపొట్టలో ఇలాంటి పనే చేస్తుంది, నిజమే. కానీ అందులో మేకులు, తీగముక్కలు, కోళ్లకు వాడిన మందులు ఉండొచ్చు. చచ్చిన కోడి ఒక్కటి కలిసినా బొటులిజం అనే విషపు జబ్బు రావచ్చు, వస్తే గేదె కాళ్లు పడిపోతాయి. పాలిచ్చే పశువుకి నేను పెట్టను, అడిగినవాళ్లకీ వద్దనే చెబుతాను.

ఈ ఏడు మార్చి చివర్లో గడ్డి కప్పాను. కాలవ కట్టేసే నాటికి తెరుస్తాను.