కిటికీ పక్కనా, నడవ పక్కనా?

ఊరూరా ఆగే బస్సులో ఐదారు గంటలు వెళ్లాలంటే, దొరికిన సీటును బట్టే ప్రయాణం ఉంటుంది.

నా ఓటు కిటికీకే. గాలి, వెలుతురు, మారిపోతుండే పొలాలు, తల ఆనించి కునుకు తీయడానికి ఓ ఆసరా. కడుపులో తిప్పేవాళ్లకైతే ఇది తప్పనిసరి. బస్సు కదులుతోందని లోపలి చెవి చెబుతుంటే, ఫోన్‌లో ఉన్న కళ్లు కదలడం లేదంటాయి. ఆ తేడా వల్లే వికారం. దూరంగా ఉన్నదాని మీద చూపు నిలిపితే చాలామందికి కాస్త సర్దుకుంటుంది. వెనక చక్రాల అవతలి కిటికీ మాత్రం వద్దు, ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది. ముందు, వెనక చక్రాల మధ్య వరసలు మేలు. ఎండ కూడా చూసుకోవాలి: పొద్దున ఉత్తరానికి వెళ్తుంటే ఎండ కుడివైపు, సాయంత్రం ఎడమవైపు.

నడవ పక్కన ఇబ్బందులు ఎక్కువే. నిలబడ్డవాళ్ల సంచులు భుజానికి తగులుతాయి, లోపలివాళ్లు దిగినప్పుడల్లా లేవాలి. అయినా పొడవైనవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నేను ఇదే చెబుతాను. కాలు చాపుకోవచ్చు, బస్సు ఆగగానే ఎవర్నీ అడగకుండా లేవొచ్చు.

ఈ లేవడం ముఖ్యం. 4 గంటలు, అంతకుమించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. విమానాలతో పాటు బస్సులకీ ఇది వర్తిస్తుంది. మొత్తమ్మీద ముప్పు తక్కువే, సుమారు 6,000 మందిలో ఒకరికి. టెన్షన్ పడక్కర్లేదు కానీ, కిటికీ పక్కన ఇరుక్కున్నవాళ్లు కనీసం పాదాలు పైకీ కిందికీ ఆడిస్తుండాలి.