నాలుగేళ్ల వాడకం తరువాత స్వేడ్ సీటు: అందం, ఓపిక, వాననీరు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నా మోటారు సైకిలు సీటుకు స్వేడ్ తరహా నూగు గుడ్డ వేయించి ఈ వేసవికి నాలుగేళ్లు నిండాయి. ఈ కాలంలో బండి 50,000 కిలోమీటర్లకు పైగా తిరిగింది. అందులో అధిక భాగం వారధి దాటి, మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్లి రావడమే. పగలంతా బండి నీడ లేని చోట నిలుస్తుంది. సాయంత్రం లారీల దుమ్ములో తిరిగి వస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఎప్పుడు తడుస్తుందో చెప్పలేము. కొత్తగా వేయించిన వారం రోజులకే రాసే అభిప్రాయాలు ఈ గుడ్డ విషయంలో ఎవరికీ పనికిరావు. ఎందుకంటే మొదటి వారంలో ప్రతి స్వేడ్ సీటూ అందంగానే ఉంటుంది.

ముందుగా గుడ్డ గురించి చెప్పాలి. అసలైన స్వేడ్ తోలు లోపలి వైపును రాపిడి చేసి నూగు లేపగా తయారయ్యేది. అది నీటికి ఆగదు కాబట్టి బండి సీటుకు తగదు. మనకు దుకాణాల్లో దొరికేదంతా కృత్రిమమైనదే. ఈ కోవలో పేరుపడిన అల్కాంటారాకు మూలమైన పద్ధతిని 1970లో జపాన్‌లోని టోరే సంస్థలో మియోషి ఒకమోటో కనుగొన్నారు. దానిని ఇటలీలో నేరా మోంటోరో అనే చోట తయారు చేస్తారు. అందులో సుమారు 68 శాతం పాలిస్టరు, 32 శాతం పాలీయురేథేన్ ఉంటాయి. వెంట్రుక కన్నా ఎంతో సన్నని పోగులను పాలీయురేథేన్ పట్టి ఉంచుతుంది. ఈ నిర్మాణాన్ని గుర్తు పెట్టుకుంటే, ఏ మరకకు ఏది వాడవచ్చో, ఏది వాడకూడదో చాలావరకు మనకే తెలిసిపోతుంది. అయితే మన బజారులో నూగున్న ప్రతి గుడ్డనూ అదే పేరుతో అమ్ముతున్నారు. నేను కొన్నది ఆ పేరు లేని మామూలు మైక్రోఫైబర్ స్వేడ్. గుడ్డకూ కూలికీ కలిపి 3,800 రూపాయలైంది.

కొనేటప్పుడు నేను చేయబోయిన పొరపాటును సీటు కుట్టే మేస్త్రీయే ఆపారు. నాకు నచ్చిన గుడ్డను ఆయన తిరగేసి, వెనుక అంటించి ఉన్న పలుచని స్పాంజి పొరను చూపించి, "ఇది కారు పైకప్పుకి వేసేదండీ, సీటుకి నిలవదు" అన్నారు. ఆ మాట ఎంత నిజమో తరువాత ఇతరుల బండ్ల మీద చూశాను. పైకప్పు మీద ఎవరూ కూర్చోరు, దాని మీద వాన పడదు. అదే గుడ్డను సీటుకు వేస్తే, ఆ స్పాంజి నీటిని పీల్చి, కొన్నాళ్లకు పొడిగా రాలిపోయి, పై గుడ్డ ముడతలు పడుతుంది. కాబట్టి కొనేముందు గుడ్డను తప్పకుండా తిరగేసి చూడాలి. వెనుక నేత గట్టిగా, స్పాంజి లేకుండా ఉండాలి. రెండు చేతులతో లాగితే కొద్దిగా సాగి వెంటనే యథాస్థితికి రావాలి.

ఇక అందం విషయం. రెక్సిన్ ఎంత మంచిదైనా దాని మీద వెలుగు పడితే జారిపోతుంది. స్వేడ్ మీద పడిన వెలుగు అక్కడే ఇంకిపోతుంది. నేను ఎంచుకున్నది ముదురు బూడిద రంగు. చేతితో ముందుకు నిమిరితే ఒక ఛాయ, వెనక్కు నిమిరితే మరొక ఛాయ కనిపిస్తాయి. పొద్దున బండి తీసేముందు ఒకసారి అలా నిమరడం నాకు అలవాటైపోయింది. ఇదే సమయంలో నా సహోద్యోగి ఒకరు నల్లని గుడ్డ వేయించుకున్నారు. ఇద్దరి బండ్లూ ఒకే ఎండలో నిలిచేవి. రెండో వేసవి ముగిసేసరికి ఆ నలుపు తుప్పు రంగుకు తిరిగింది. దుమ్ము కూడా దాని మీదే ఎక్కువ కనిపించేది. నా బూడిద రంగు కూడా వెలిసింది గానీ, పక్కన కొత్త ముక్క పెట్టి పోల్చితే తప్ప తెలియదు. లేత గోధుమ రంగు చూడటానికి బాగుంటుంది గాని, కొత్త జీన్సు నీలం దానికి అంటితే వదలదు.

కూర్చోవడంలో దీని గుణం మొదటి గట్టి బ్రేకుకే తెలిసింది. రెక్సిన్ మీద శరీరం ట్యాంకు వైపు జారేది. ఇక్కడ నూగు బట్టను పట్టి ఉంచుతుంది. వెనుక కూర్చునేవారికి ఇంకా మేలు. మా అమ్మ చీరలో ఒక పక్కకు తిరిగి కూర్చుంటారు. పట్టుచీరతో రెక్సిన్ మీద కూర్చున్నప్పుడల్లా ఆవిడ నా భుజాన్ని గట్టిగా పట్టుకునేవారు. ఈ సీటు వేశాక ఆ పట్టు సడలింది. ఎండలో నిలిచిన సీటు ఇదీ కాలుతుంది, కాకపోతే రెక్సిన్ లాగా చురుక్కుమని అంటుకోదు. నేను తెల్లని నూలు తువ్వాలు కప్పి వెళతాను. అది వేడిని తగ్గించడంతోపాటు రంగునూ కాపాడుతుంది.

నాకు నష్టం చేసింది ఎండ కన్నా నీరే. మొదటి వానకాలంలో, వాన వెలిసి రెండు రోజులైనా కూర్చోగానే ప్యాంటు తడిసేది. పైన గుడ్డ పొడిగానే ఉండేది. సీటు విప్పి తిరగేస్తే కారణం కనిపించింది: కూర్చునే చోట అడ్డంగా వేసిన అలంకారపు కుట్ల ప్రతి సూది రంధ్రం నుంచీ నీరు ఫోములోకి దిగింది, ఆ ఫోము నీటిని పట్టి ఉంచింది. గుడ్డ మీద నీటిని తోసే స్ప్రే కొట్టాను. నీటి బొట్లు కొన్ని వారాలు ముత్యాల్లా జారాయి గాని, కుట్ల దారి మాత్రం మూసుకోలేదు. చివరకు స్టేపుల్ పిన్నులు విప్పించి, ఫోమును రెండు రోజులు ఆరబెట్టి, దాని మీద మందపాటి పాలిథిన్ షీటు పరిపించి, కుట్ల వెనుక రబ్బరు జిగురు పూయించి అదే కవరును మళ్లీ బిగించాము. ఆ తరువాత ఫోము తడవలేదు. మొదటే 100 రూపాయల షీటు వేయమని అడిగి ఉంటే ఆ వానకాలమంతా తడి సీటు మీద కూర్చునే అవసరం ఉండేది కాదు.

రెండో దెబ్బ ఒక వాటర్ వాష్‌లో తగిలింది. నేను పక్కకు వెళ్లిన పది నిమిషాల్లో అక్కడి కుర్రవాడు ప్రెషర్ గన్‌తో సీటు కడిగి, మెరుపు కోసం టైర్లకు రాసే సిలికాన్ పాలిష్‌నే సీటుకూ రాశాడు. అతడు మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. అది స్వేడ్ అని ముందే చెప్పకపోవడం నా లోపమే. నూగంతా అతుక్కుపోయి సీటు జిడ్డు పట్టిన దిండులా తయారైంది. దానిని వెనక్కు తేవడానికి మూడు వారాంతాలు పట్టాయి. గోరువెచ్చని నీటిలో పసిపిల్లల షాంపూ నాలుగు చుక్కలు కలిపి, దాని నురుగును మాత్రమే మెత్తని బ్రష్‌తో అద్ది, తడి గుడ్డతో తీసి, నీడలో ఆరబెట్టి, మళ్లీ దువ్వి, మళ్లీ అదే చేశాను. తొంభై పాళ్లు తిరిగి వచ్చింది. ట్యాంకు పక్కన అరచేయంత చోటు మాత్రం ఆ కవరు ఉన్నన్నాళ్లూ కాస్త నున్నగానే ఉండిపోయింది. అప్పటి నుంచి వాషింగుకు ఇచ్చేముందు సీటు విప్పి ఇంట్లో ఉంచి వెళుతున్నాను.

నా వారపు పని చాలా చిన్నది. ఆదివారం పొద్దున మెత్తని కుచ్చుల బ్రష్‌తో దుమ్ము దులిపి, బాగా పిండిన గుడ్డతో ఒకే దిశలో తుడిచి, ఆరాక ఎదురు దిశలో దువ్వుతాను. పది నిమిషాలకు మించదు. ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. బోరు నీరు వాడితే ఆరిన తరువాత తెల్లని చారలు మిగులుతాయి. తాగే నీరే వాడాలి. తడిగా ఉన్నప్పుడు గట్టిగా రుద్దితే నూగు మెలితిరిగి ఉండలు కడుతుంది. జీన్సు రాపిడి వల్ల తొడల కింద ఎలాగూ కొన్ని ఉండలు కడతాయి. స్వెట్టర్ల మీది ఉండలు తీసే చిన్న యంత్రాన్ని ఆరు నెలలకోసారి తేలికగా తిప్పితే అవి పోతాయి.

వేసవిలో చెమట ఉప్పును లెక్కలోకి తీసుకోవాలి. ఆ ఉప్పు ఆరి నూగును బిరుసుగా చేస్తుంది కనుక ఏప్రిల్, మే నెలల్లో వారానికి రెండుసార్లు తడి గుడ్డతో తుడవక తప్పదు. చైన్ లూబ్ (బండి గొలుసుకు వేసే నూనె) చుక్క పడితే వెంటనే రుద్దకూడదు. దాని మీద మొక్కజొన్న పిండి గాని టాల్కం పౌడరు గాని చల్లి రాత్రంతా వదిలి, పొద్దున దులిపి, మిగిలిన మచ్చను గుడ్డకు అద్దిన సర్జికల్ స్పిరిట్‌తో అంచు నుంచి మధ్యకు ఒత్తుతూ తీయాలి. ముందుగా సీటు అడుగున మడిచిన అంచు మీద పరీక్షించాలి. మెకానిక్కులు అలవాటుగా తెచ్చే కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ దీని దగ్గరకు రానివ్వకూడదు. అవి పోగులను పట్టి ఉంచే పాలీయురేథేన్‌నే దెబ్బతీస్తాయి. తోలుకు రాసే కండిషనర్ కూడా వద్దు. ఇందులో తోలు లేదు, ఆ నూనె నూగును అణచడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఇది ఎవరికి తగదో కూడా చెప్పాలి. బండి మీద పాల క్యాన్లు, సిమెంటు బస్తాలు మోసేవారికీ, ఏడాదికి రెండుసార్లు సర్వీసింగులో తప్ప బండిని తుడవని వారికీ రెక్సినే మంచిది. ఆ వాడకంలో స్వేడ్ ఒక్క ఏడాదిలోనే ముసలిదవుతుంది. నాకు మాత్రం ఆదివారం ఆ పది నిమిషాలు ఇష్టమైన పనిగానే మిగిలాయి.

గత నెలలో కవరు మార్పించాను, మళ్లీ స్వేడే. ఈసారి మేస్త్రీకి ముందే చెప్పాను: కూర్చునే చోట ఒక్క కుట్టూ ఉండకూడదు, పక్కల్లో నీరు కారే చోట, ప్యాంటు రాసుకునే చోట రెక్సిన్ వేయాలి, ఫోము మీద షీటు పరచాలి. పాత కవరు విప్పినప్పుడు పిన్నుల కింద మడిచి ఉన్న అంచులో నాలుగేళ్లనాటి అసలు రంగు చెక్కుచెదరకుండా బయటపడింది. ఆయన ఆ అంచును కత్తిరించి, కూర్చునే చోటు పక్కన పెట్టి, వెలుగులోకి తిప్పి చూపించారు. రెండింటికీ ఒక్క ఛాయే తేడా ఉంది.