అమెరికా నివేదికా, జపాన్ సమ్మతా: మన సంస్థలకు ఏది మేలు?

బాలానగర్, జీడిమెట్లలలో పరిశ్రమలు నడిపేవారు వ్యూహం గురించి మాట్లాడటానికి వచ్చినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఇదే: సలహాదారుల నివేదిక తెప్పించుకుని పైనుంచి నిర్ణయం ప్రకటించే అమెరికా పద్ధతి మంచిదా, కింది స్థాయి నుంచి ప్రతిపాదనను కదిలించి ఒక్కొక్కరి ముద్ర వేయించే జపాన్ ‘రింగి’ మంచిదా?

హోండా ఉదంతంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. 1959లో ఆ సంస్థ లాస్ ఏంజెలెస్‌లో పెద్ద మోటారు సైకిళ్లు అమ్మబోతే అవి చెడిపోసాగాయి. ఉద్యోగులు తమ పనుల మీద తిరిగే 50 సీసీ సూపర్ కబ్ మాత్రం జనం కంట పడింది. ఆ విజయాన్ని బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ 1975 నివేదిక భారీ ఉత్పత్తితో ఖర్చు తగ్గించుకున్న వ్యూహంగా చూపింది. అప్పట్లో లాస్ ఏంజెలెస్‌లో పనిచేసిన హోండా జపాన్ అధికారులనే మేనేజ్‌మెంట్ పరిశోధకుడు రిచర్డ్ పాస్కల్ అడిగి 1984లో రాసినదాన్ని బట్టి చూస్తే, వారు అనుకున్నది బెడిసికొట్టాక కళ్లెదుట తెలిసివచ్చినదాన్ని అందిపుచ్చుకున్నారు.

నా దృష్టిలో అసలు తేల్చవలసింది, చేదు వార్త పైదాకా చేరుతుందా లేదా అన్నది. 1967–73 మధ్య ఐబీఎం ఉద్యోగుల సర్వేల ఆధారంగా సంస్కృతుల పరిశోధకుడు హాఫ్‌స్టెడ్ ఇచ్చిన అధికార దూరం సూచీలో (అంకె ఎక్కువైతే పైవారికి ఎదురు చెప్పడం అంత కష్టమన్నమాట) భారత్‌కు 77, జపాన్‌కు 54, అమెరికాకు 40. (దేశపు సగటుతో ఒక మనిషిని కొలవకూడదనుకోండి.) అమెరికాలో నివేదికను సమావేశంలోనే ఎదిరించి ప్రశ్నించేవారుంటారు, మనం నివేదికను తెచ్చుకుంటాం గానీ ఆ వాదనను తెచ్చుకోం. వచ్చిన ఉక్కు నాసిరకమని మెషీన్ ఆపరేటర్‌కు తెలిసినా, “సార్ ముందే ఓకే చేశారు కదా” అని ఊరుకుంటాడు.

అందుకే నేను జపాన్ వైపే మొగ్గుతాను. చెట్టును మరోచోట నాటే ముందు వేళ్ల చుట్టూ తవ్వినట్టు, సమావేశానికి ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే ‘నెమవాషి’లో ఎవరి పరువూ పోకుండా అభ్యంతరం బయటపడుతుంది. అయితే యజమాని తన మాట చివరనే చెప్పాలి. మొదటే చెప్పేస్తే మిగిలినవన్నీ మొక్కుబడి ముద్రలే.

జర్మనీ పద్ధతి సంగతంటారా, 1976 చట్టం ప్రకారం పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు ఉద్యోగులకిచ్చే ఏర్పాటు రెండు వేలకు మించి కార్మికులున్న కంపెనీలకు సంబంధించినది, అంత పెద్దవి కాని మన పరిశ్రమలకు అది సరిపోయే నమూనా కాదు.

టెండరు గడువు రేపే అయితే మాత్రం నెమవాషికి వ్యవధి ఉండదు. అంకెలు చూసుకుని యజమాని ఒక్కరే సంతకం పెట్టవలసిందే.