జర్మనీలో మొదటి ఏడాది: మనవాళ్లతో ఇల్లా, హాస్టలా, డబ్ల్యూజీలో గదా?

ఏటా ఆగస్టు వచ్చేసరికి, జర్మనీ వీసా చేతికందిన విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. అక్టోబరులో తరగతులు, టికెట్ తీసుకున్నారు, ఖర్చులకు ముందే జమచేసి నెలనెలా కొంతే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేశారు, ఇక ఉండే చోటు తేలాలి. నలుగురు తెలుగువాళ్లు కలిసి ఇల్లు తీసుకోవడం మంచిదా, విద్యార్థి హాస్టల్‌కు దరఖాస్తు పెట్టి వేచి చూడాలా, లేక జర్మన్లూ ఇతర దేశాలవాళ్లూ ఎవరి గదిలో వారుంటూ వంటగది, బాత్రూమ్ కలిసి వాడుకునే ఇంట్లో, అంటే డబ్ల్యూజీలో ఒక గది చూసుకోవాలా అని అడుగుతారు. ఈ మూడింటిలోనూ నేను ఉన్నాను, చాలాకాలంగా ఉంటున్నవాళ్లనూ దగ్గరగా చూశాను. దొరికే పక్షంలో మొదటి ఏడాదికి డబ్ల్యూజీయే మేలని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెబుతాను. మిగతా రెండింటికీ ఉన్న బలాలు కూడా తక్కువవేమీ కావు.

ముందుగా అద్దె సంగతి. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు తీసుకోగలిగేది 992 యూరోలు. అద్దె, ఆరోగ్య బీమా, తిండి అన్నీ అందులోంచే జరగాలి. మ్యూనిక్‌లో షేరింగ్ గదికే 700 యూరోలు దాటడం మామూలు, కెమ్నిట్స్ వంటి ఊళ్లో అందులో సగానికే గది దొరుకుతుంది. ఊరిని బట్టి మారినంతగా ఇంటి రకాన్ని బట్టి అద్దె మారదన్నమాట. మూడింటిలో హాస్టల్ చౌక, మిగతా రెండింటి మధ్య తేడా స్వల్పం. డిపాజిట్ ఎక్కడైనా హీటింగ్ వంటి ఖర్చులు కలపని మూడు నెలల కోల్డ్ రెంట్‌కు మించకూడదని చట్టం చెబుతోంది, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా అద్దెదారుకు ఉంది. ఇంతకుమించి డబ్బు లెక్కతో ఈ ప్రశ్న తేలదు.

తేల్చేది మరొకటి ఉంది. చదువుకు సంబంధించిన సందేహాలకు యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ఆఫీసు ఉంటుంది. వీసా పొడిగింపుకు ఏయే కాగితాలు కావాలో సంబంధిత కార్యాలయమే జాబితా ఇస్తుంది. ఇంట్లో రోజూ ఎలా మసలుకోవాలో చెప్పే కార్యాలయం మాత్రం ఏదీ లేదు. చెత్త ఏ డబ్బాలో వేయాలి, చలికాలంలో కిటికీ ఎంతసేపు తెరవాలి, ఆదివారం ఏ పని చేస్తే పక్కింటివాళ్లు తలుపు తడతారు, ఏ ఉత్తరాన్ని పక్కన పెట్టవచ్చు, దేన్ని వచ్చిన రోజే తెరవాలి అనేవి ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు ఊపిరి పీల్చినంత సహజమైన విషయాలు కాబట్టి, వాటిని ఎవరికైనా చెప్పాలన్న ఆలోచనే వాళ్లకు రాదు. మనం తప్పు చేయబోతుంటే చూడగలిగేంత దగ్గరలో, అదే వంటగదిలో, అదే ఇంటి బాధ్యత మోస్తున్న మనిషికి మాత్రమే అది కనబడుతుంది. అలాంటి మనిషి ఇంట్లో ఉన్నారా లేరా అన్నదే నా దృష్టిలో ఈ మూడింటి మధ్య అసలైన తేడా.

ఉత్తరాల సంగతే తీసుకోండి. ఇక్కడ ప్రభుత్వమూ, బీమా సంస్థా, బ్యాంకూ చాలా విషయాలను ఇప్పటికీ పోస్టులోనే పంపుతాయి. వాటిలో పసుపు రంగు కవరులో వచ్చేది ప్రత్యేకం. పోస్టుమ్యాన్ కవరు మీద తేదీ రాసి మన డబ్బాలో వేసి వెళ్లిపోతాడు. మన సంతకం అక్కర్లేదు, మనం ఊళ్లో ఉండనక్కర్లేదు, గడువు మాత్రం ఆ తేదీ నుంచే మొదలవుతుంది. నేను ఉన్న డబ్ల్యూజీలో కొత్తగా చేరిన ఒక ఇరాన్ విద్యార్థి అలాంటి కవరును సూపర్‌మార్కెట్ ప్రకటనలతో కలిపి ఫ్రిజ్ మీద పెట్టాడు. పక్క గదిలో ఉండే జర్మన్ అమ్మాయి పాలకోసం ఫ్రిజ్ దగ్గరికి వచ్చి, కవరు రంగు చూసి ఆగిపోయింది. దాన్ని అప్పుడే తెరవమంది, తేదీ కవరు మీదే ఉంటుంది కాబట్టి దాన్ని పారేయవద్దని కూడా చెప్పింది. సైకిల్ మీద ఎర్ర లైటు దాటినందుకు వచ్చిన జరిమానా ఉత్తర్వు అది. అలాంటి ఉత్తర్వు మీద అభ్యంతరం చెప్పుకోవడానికి రెండు వారాలే గడువు. ఆ అమ్మాయి అతనికి ఉపకారం చేయాలని వెతుక్కుంటూ రాలేదు, పాలకోసం వచ్చింది. ఒకే ఇంట్లో ఉండటం వల్ల జరిగే మేలు ఇలాగే ఉంటుంది. అదే ఉత్తరం నలుగురు కొత్తవాళ్లున్న ఇంటికి వస్తే, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఆరేడు జవాబులు వస్తాయి, వాటిలో ఏది సరైనదో చెప్పగలిగినవాళ్లు ఆ ఇంట్లో ఉండరు.

కిటికీల విషయం ఇంతకన్నా ఖరీదైనది. చలికి భయపడి తలుపులన్నీ బిగించి, రోజూ రెండు పూటలా వంట చేసుకుంటే ఆ ఆవిరంతా గోడల్లోకి చేరి, డిసెంబరు నాటికి కిటికీ పక్క మూలల్లో నల్లటి బూజు పడుతుంది. రోజుకు రెండు మూడు సార్లు హీటరు కట్టేసి, కిటికీలు పూర్తిగా తెరిచి, కొద్ది నిమిషాలు గాలి ఆడనిచ్చి మళ్లీ మూసేయాలి. రోజంతా కొద్దిగా వాల్చి ఉంచితే గోడ చల్లబడి బూజు ఇంకా ఎక్కువవుతుంది, హీటింగ్ ఖర్చూ పెరుగుతుంది. గాలి ఆడనివ్వకపోవడం వల్లే బూజు పట్టిందని తేలితే ఓనరు ఆ ఖర్చును అద్దెదారు మీద వేయవచ్చు. హీటింగ్ లెక్క తేలేది కూడా ఆలస్యంగానే: ఏడాది లెక్క ముగిశాక ఓనరుకు మరో 12 నెలల వ్యవధి ఉంటుంది కాబట్టి, మొదటి చలికాలంలో చేసిన పొరపాటుకు బిల్లు, మనం దాన్ని మరచిపోయిన తర్వాత వస్తుంది. ఒక్క చలికాలం ఒక జర్మన్ రూమ్మేట్‌తో గడిపితే ఈ అలవాటు మాటల్లేకుండానే పట్టుబడుతుంది.

చెత్త వేరుచేయడం, ఆదివారపు నిశ్శబ్దం కూడా ఇలాంటివే. కాగితం, ప్యాకింగ్, కూరగాయల తొక్కలు, మిగతా చెత్త, ఇలా వేరువేరు డబ్బాలుంటాయని అందరికీ తెలుసు. గాజు సీసాలను రంగుల వారీగా వీధి చివరి కంటైనర్లలో వేయాలనీ, నీలం సీసా పచ్చవాటిలోకి వెళ్లాలనీ, ఆదివారం ఆ చప్పుడు చేయకూడదనీ, డిపాజిట్ ఉన్న ప్లాస్టిక్ సీసాను అసలు పారేయకుండా దుకాణంలోని యంత్రంలో వేసి 25 సెంట్లు వెనక్కి తీసుకోవాలనీ ఇంట్లో ఒకరు చేస్తుంటే చూసి నేర్చుకోవడమే తేలిక.

ఇక మనవాళ్లతో కలిసి ఉండటం. దీన్ని చులకన చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. దిగిన రాత్రి స్టేషన్‌కు ఎదురువచ్చేదీ, సిమ్ కార్డు వేయించేదీ, మొదటి వారం తమ మంచం ఇచ్చి తాము నేల మీద పడుకునేదీ మన తెలుగు పిల్లలే. నవంబరు చివరికల్లా సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఊళ్లో, జ్వరంతో మూసిన తలుపు వెనక ఒంటరిగా ఉండటం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకు తెలుసు. అలాంటప్పుడు సొంత భాషలో ‘ఏమైనా తిన్నావా’ అని అడిగే మనిషి విలువను ఏ లెక్కా పట్టుకోలేదు. ఒంటరితనం తట్టుకోలేని స్వభావం మీదని మీకు ముందే తెలిస్తే, ఈ వ్యాసంలో మిగతాదంతా పక్కన పెట్టి మనవాళ్లతోనే ఉండండి.

అయితే రెండు చిక్కులు ముందే చూసుకోవాలి. మొదటిది ఒప్పందం. నలుగురూ కలిసి సంతకం చేస్తే మొత్తం అద్దెకు ప్రతి ఒక్కరూ బాధ్యులే. ఏడాది తిరిగేసరికి ఒకరికి స్టుట్‌గార్ట్‌లో ఇంటర్న్‌షిప్ వస్తుంది, ఇంకొకరు థీసిస్ కోసం మరో ఊరు వెళ్తారు. ఒక్కరే ఒప్పందంలోంచి తప్పుకోవడం కుదరదు, నలుగురూ కలిసి నోటీసు ఇవ్వాలి, లేదా ఓనరు ఒప్పుకుంటే కొత్త మనిషిని చేర్చుకోవాలి. స్నేహితుల మధ్య మాటలు పోయేది చాలాసార్లు ఇక్కడే. రెండోది, ముగ్గురి పేర్లతో తీసుకున్న ఇంట్లో ఐదుగురు ఉండటం. చేరిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేసుకోవాలని, అంటే అన్‌మెల్డుంగ్ చేయాలని చట్టం. 2015 నవంబరు నుంచి దానికి ఇల్లు ఇచ్చినవారి సంతకంతో కూడిన ధ్రువపత్రం తప్పనిసరి. అది లేనివాళ్ల పని ముందుకు సాగదు. జీతం మీద పన్ను సరిగా లెక్కకట్టడానికి కావలసిన ట్యాక్స్ ఐడీ పోస్టులో వచ్చేది ఈ నమోదు జరిగాకే, రెసిడెన్స్ పర్మిట్‌కూ ఈ కాగితం కావాలి. నెలకు వంద యూరోలు మిగులుతాయని పేరులేని ఐదో మనిషిగా చేరడం వద్దని గట్టిగా చెబుతాను.

ఇంకో మాట. నలుగురూ ఒకే విమానంలో వచ్చినవాళ్లయితే, ఒకరికి తెలియనిది మిగతా ముగ్గురికీ తెలియదు. రెండు మూడేళ్లుగా ఇక్కడ ఉండి, కాగితాల వ్యవహారం తెలిసిన సీనియర్ ఒకరు ఆ ఇంట్లో ఉంటే, నేను డబ్ల్యూజీకి ఇచ్చిన మార్కుల్లో చాలావరకు ఆ ఇంటికీ ఇస్తాను. కాబట్టి తెలుగువాళ్లా కాదా అని అడిగే ముందు, వాళ్లు ఇక్కడికి ఎప్పుడొచ్చారో అడగండి.

హాస్టళ్లను చాలావరకు స్టుడియరెండన్‌వెర్క్ అనే సంస్థలు నడుపుతాయి. అక్కడ మోసం భయం లేదు, చిరునామా నమోదుకు కావలసిన ధ్రువపత్రం అడగకుండానే ఇస్తారు, మరమ్మతులకు హౌస్‌మైస్టర్ ఉంటాడు, చాలాచోట్ల కొత్తవాళ్లకు సాయం చేసే ట్యూటర్లు కూడా ఉంటారు. కష్టమంతా చోటు దొరకడంలోనే ఉంది: దేశం మొత్తం మీద దాదాపు పదిమంది విద్యార్థుల్లో ఒకరికే హాస్టల్ గది ఉంది, మ్యూనిక్‌లో నిరీక్షణను సెమిస్టర్లలో లెక్కపెడతారు. అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే, వీసా కోసం ఆగకుండా దరఖాస్తు పెట్టడం ఒక్కటే మార్గం. హాస్టళ్లలోనూ రెండు రకాలున్నాయి. పొడవాటి వరండాకు అటూ ఇటూ గదులుండే భవనంలో పక్క గది మనిషి ముఖం చూడకుండా సెమిస్టర్ గడిచిపోతుంది. పైగా అక్కడ ప్రతి గదినీ ఒక ఇల్లుగా లెక్కగట్టి, నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ రుసుము ఎవరిది వారే కట్టమంటారు. మూడు నాలుగు గదులకు ఒక వంటగది, ఒక ప్రధాన ద్వారం ఉండే రకంలో ఆ రుసుము ఇంటికి ఒకటే, రోజువారీ జీవితం డబ్ల్యూజీలాగే ఉంటుంది. దరఖాస్తులో ఎంచుకునే వీలుంటే రెండోదాన్ని ఎంచుకోండి. అది దొరికినవాళ్లు ఇక డబ్ల్యూజీ కోసం వెతకనక్కర్లేదు.

డబ్ల్యూజీకి ఉన్న అసలు ఇబ్బంది చేరడానికి ముందే ఎదురవుతుంది. ఖాళీ గదికి ఎవరిని తీసుకోవాలో సాధారణంగా అక్కడ ఉంటున్నవాళ్లే పిలిచి మాట్లాడి ఎంచుకుంటారు. ఇండియాలో కూర్చుని రాసిన సందేశాలకు ఎక్కువభాగం జవాబే రాదు, దానికి నొచ్చుకోనక్కర్లేదు. ఎవరో ఎక్స్చేంజ్ సెమిస్టర్‌కు వెళ్తూ ఐదారు నెలలకు సబ్‌లెట్‌కు ఇచ్చే గదులు కొత్తవాళ్లకు కాస్త సులువుగా అందుతాయి; సామానుతో సహా ఇస్తారు, ఊళ్లో దిగాక అక్కడ ఉంటూ నిదానంగా వెతుక్కోవచ్చు. ‘జ్వెక్ డబ్ల్యూజీ’ అని రాసి ఉంటే ఆ ఇంట్లో ఎవరి దారి వారిదే అని అర్థం, నేను చెప్పిన మేలేదీ అక్కడ ఆశించవద్దు. అమ్మాయిలు మాత్రమే ఉండే డబ్ల్యూజీలు చాలానే ఉన్నాయి కాబట్టి, ఇంట్లో పెద్దవాళ్లు సంకోచిస్తున్నందువల్ల ఈ దారినే వదులుకోవలసిన పని లేదు. శుభ్రత పట్టిక విషయంలో మాటపడటం దాదాపు అందరికీ జరుగుతుంది. ఈ వారం బాత్రూమ్ వంతు మీదైతే అది ఈ వారమే జరగాలి, పరీక్ష ఉంటే ముందుగా చెప్పి వంతు మార్చుకోవాలి.

జర్మన్ భాష వస్తుందన్నది డబ్ల్యూజీ వైపు అందరూ చెప్పే కారణం. అది నిజమే అయినా నేను దాన్ని రెండో స్థానంలో పెడతాను, ఎందుకంటే విద్యార్థుల ఇళ్లలో చాలావరకు ఇంగ్లీషే నడుస్తుంది, క్లాసులో చేరి చదవనిదే ఏ ఇంట్లోనూ భాష దానంతట రాదు.

ఒంటరిగా అపార్ట్‌మెంట్ తీసుకోవడం మొదటి ఏడాదికి దాదాపు అసాధ్యం: జీతం స్లిప్పులు, అప్పులూ బిల్లులూ సరిగా కడుతున్నామని చూపే షూఫా రికార్డు అడుగుతారు, కొత్తవాళ్ల దగ్గర అవి ఉండవు. ప్రైవేటు స్టూడెంట్ అపార్ట్‌మెంట్లు త్వరగా దొరుకుతాయి, అద్దె మాత్రం మీ 992 యూరోల్లో ఎక్కువభాగం మింగేస్తుంది.

ఏది ఖాయమైనా, డిపాజిట్ పంపే ముందు రెండు ప్రశ్నలు రాతలో అడగండి: చిరునామా నమోదుకు ధ్రువపత్రం ఇస్తారా, పోస్టు డబ్బా మీద నా పేరు వేస్తారా? డబ్బా మీద పేరు లేకపోతే ట్యాక్స్ ఐడీ, బ్యాంక్ కార్డు, బీమా కార్డు అన్నీ వెనక్కి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పకుండా, ముందు డబ్బు వేయండి, తాళాలు కొరియర్‌లో పంపిస్తాను అనేవాళ్ల దగ్గర ఇల్లు ఉండదు. ఆ సంభాషణ అక్కడితో ఆపేసి తర్వాతి ప్రకటన చూడండి.