కమ్మరిని ఏం చేయాలి? ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ మీద ఒక వకీలు అభిప్రాయం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రగా పాచికలేసి ఆడే ఆటకి నియమాల పుస్తకం. 2014 నాటి కూర్పు, గట్టి అట్ట, 320 పేజీలు. బరంపురంలో హాస్టల్ ఖాళీ చేస్తున్న ఒక విద్యార్థి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పర్లాకిమిడి కోర్టులో ప్రాక్టీసు చేసుకునే దాన్ని, ఈ ఆట నాకెందుకంటే మా అక్క కొడుకు పోరు పడలేక. ఆదివారం సాయంత్రాలు వాడూ వాడి స్నేహితులూ మా హాల్లో చాప పరుస్తారు, నేను కథ నడుపుతాను. కథ తెలుగులో, పోట్లాట ఒడియాలో.

పాచికలు దీంతో రావు, విడిగా కొనుక్కోవాలి. రాక్షసుల వివరాలకి ఇంకో పుస్తకం. పాత్రల తయారీ గురించిన అధ్యాయాలు బాగున్నాయి, బొమ్మలు ఇంకా బాగున్నాయి. నన్ను పట్టుకున్నది మాత్రం మంత్రాల అధ్యాయం.

డామినేట్ పర్సన్, గీయాస్ అని రెండు మంత్రాలున్నాయి, రెండూ ఐదో స్థాయివే. మొదటిది తగిలితే మంత్రగాడు మనిషిని తోలుబొమ్మలా ఆడిస్తాడు, మామూలుగా ఒక నిమిషం వరకు. ఆ నిమిషంలో కత్తి దిగితే చెయ్యి ఒక్కటే వశమైనవాడిది, పని మంత్రగాడిది, వాదించడానికేమీ లేదు. గీయాస్ అలా కాదు. 30 రోజులుంటుంది, ఒళ్లూ బుద్ధీ మనిషి దగ్గరే ఉంటాయి. ఆజ్ఞకి నేరుగా ఎదురెళ్తే మాత్రం పది ముఖాల పాచికలు ఐదు వేసినంత దెబ్బ, రోజుకి ఒక్కసారికి మించకుండా. ఎంత తక్కువ పడినా 5 పడుతుంది. ఈ ఆటలో మామూలు ఊరి మనిషి ప్రాణబలం 4. అంటే కాదన్నవాడు చచ్చినట్టే. మన జానపద కథల్లో మాంత్రికుడి వశమయ్యాడంటే ఇవి రెండూ కలిసిపోయి ఉంటాయి. ఇక్కడ చక్కగా విడదీశారు. (చెప్పింది అర్థం కానివాడి మీద గీయాస్ పని చేయదట. మా గజపతి జిల్లాకి వచ్చే మాంత్రికుడు ముందు తెలుగు, ఒడియా, సవర నేర్చుకోవాలి.)

అందుకని ఒక కథ అల్లాను. మాంత్రికుడు ఊరి కమ్మరి మీద గీయాస్ వేసి కోట కాపలావాణ్ణి చంపమన్నాడు. కమ్మరి చంపాడు. పిల్లలు అతన్ని పట్టుకొచ్చి పంచాయితీ పెట్టారు.

"పిన్నీ, వాడి తప్పేముంది? చంపకపోతే వాడే పోయేవాడు కదా" అన్నాడు మావాడు.

ఒడియా కుర్రాడు పుస్తకం లాక్కుని చదివాడు. "మావుసీ, నేరుగా ఎదురెళ్తేనే దెబ్బ అని ఉంది. ఏమీ చేయకుండా ఇంట్లో కూర్చుంటే?"

నాకు భలే ముచ్చటేసింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట అడగాల్సిన ప్రశ్న అదే. పైగా రిమూవ్ కర్స్ అనే మూడో స్థాయి మంత్రంతో గీయాస్ వదిలిపోతుంది, నా కథలో గుడి పూజారికి అది వచ్చు కూడా. కమ్మరి అటు వెళ్లనే లేదు.

కమ్మరినే ఎందుకు పెట్టానంటే, చట్టంలోనూ ఒక కమ్మరి ఉన్నాడు. పాత ఐపీసీ 94వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 32వది. అప్పటికప్పుడు ప్రాణం తీస్తారన్న భయంతో చేసిన పని నేరం కాదంటుంది. దొంగలు పట్టుకుని, చంపుతామని బెదిరించి ఒక కమ్మరి చేత ఇంటి తలుపు పగలగొట్టిస్తే అతనికి రక్షణ ఉంటుందని వివరణ ఇచ్చారు. కోరి ముఠాలో చేరినవాడికి ఉండదు. ఇక హత్యకి ఈ సెక్షన్ అసలు వర్తించదు. తలుపు పగలగొట్టిన కమ్మరి ఇంటికి వెళ్తాడు, మా కమ్మరి జైలుకి.

ఇది అన్యాయమని మావాడు అలిగాడు. ఎర్దెమోవిచ్ కేసు చెప్పాను. 1995లో బోస్నియా యుద్ధంలో స్రెబ్రెనిత్స ఖైదీలను కాల్చిన సైనికుల్లో ఒకడు. జాలేస్తే నువ్వూ వెళ్లి వాళ్ల వరసలో నిలబడమన్నారని అతని వాదన. 1997లో హేగ్‌లోని అంతర్జాతీయ యుద్ధ నేరాల కోర్టులో అప్పీలు విన్న ఐదుగురు జడ్జిల్లో ముగ్గురు, అమాయకులను చంపినప్పుడు ప్రాణభయం నేరాన్ని మాఫీ చేయదు, శిక్ష తగ్గించడానికి పనికొస్తుంది అన్నారు. చివరికి ఐదేళ్లు పడింది. మావాడు మిగతా ఇద్దరి పక్షం. నేను ముగ్గురి పక్షమే. చచ్చిన కాపలావాడికి బేరమాడే అవకాశమైనా ఎవరూ ఇవ్వలేదు కదా.

పుస్తకం మీద నా అసంతృప్తి కూడా ఇక్కడే. మంత్రాన్ని అంత పకడ్బందీగా రాసి, తర్వాత ఎవరిది బాధ్యత అన్నది ఆట నడిపేవాళ్ల నెత్తిన పెట్టారు. పాత్రల స్వభావంలోని మంచి చెడ్డలకి తొమ్మిది గళ్లున్నాయి, నిన్నటిదాకా లాఫుల్ గుడ్ (నియమం తప్పని మంచివాడు) గడిలో ఉన్న కమ్మరిని ఇవాళ ఏ గడిలో వేయాలి? నాకు ఆ గళ్లు దండగ అనిపించాయి.

కమ్మరి నేరం చేశాడని పిల్లలు ఓటేసి తేల్చారు. కాపలావాడి సంసారాన్ని పోషించాలి, మాంత్రికుడి గుహకి దారి చూపాలి అన్నది శిక్ష. జైలు తప్పించారు, జడ్జి స్థానంలో ఉన్న నేను ఒప్పుకున్నాను.

ఐదుకి నాలుగు ఇస్తాను. 2024లో సవరించిన కూర్పు వచ్చింది కాబట్టి పాతది చవగ్గా దొరుకుతుంది. వాదించే పిల్లలుంటే కొనండి. ఊరికే రాక్షసులను నరికితే చాలనుకునేవాళ్లకి ఇంత లావు పుస్తకం అక్కర్లేదు, ఉచితంగా దొరికే నియమాలు సరిపోతాయి.