సోలెంట్‌లో స్కిప్పర్ పాఠాలు: సెయిలింగ్ స్కూల్ ఎలా ఎంచుకున్నామంటే

గ్రీస్ దీవుల మధ్య వారం రోజులు సొంతంగా యాట్ (తెరచాప పడవ) నడుపుకుంటూ తిరగాలని మా ఆయన కోరిక. డబ్బుంటే పడవ అద్దెకిచ్చేస్తారని అనుకుంటాం గానీ, అక్కడ ముందు అడిగేది స్కిప్పర్, అంటే పడవ కెప్టెన్ సర్టిఫికెట్. క్రొయేషియాలో అయితే దానికి తోడు పడవలో మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో లైసెన్స్ కూడా చూపించాలి. మేం ఉండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. కాబట్టి బ్రిటన్ సెయిలింగ్ సంస్థ రాయల్ యాటింగ్ అసోసియేషన్, అంటే ఆర్‌వైఏ కోర్సులే మాకు దగ్గరి దారి. మా అమ్మది అంతర్వేది దగ్గర ఊరు. సముద్రం మీదకి వెళ్లేది వేటకే గాని సరదాకి కాదని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మెట్లు సులువుగానే అర్థమవుతాయి. మొదటిది కాంపిటెంట్ క్రూ, ఐదు రోజులు. తాళ్లు, వాటిని చుట్టి బిగించే వించ్‌లు, చుక్కాని అలవాటు చేస్తారు. తర్వాత డే స్కిప్పర్, అదీ ఐదు రోజులే. కానీ దానికి వచ్చేసరికి ఐదు రోజులు, 100 మైళ్లు, 4 గంటల రాత్రి ప్రయాణం అనుభవం ఉండాలి. ఆపైన కోస్టల్ స్కిప్పర్, యాట్‌మాస్టర్. యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్ పరీక్షకు 50 రోజులు, 2,500 మైళ్లు లాగ్‌బుక్‌లో కనపడాలి. మాలాంటి వాళ్లకు డే స్కిప్పర్ దగ్గర ఆగితే చాలు.

ఎక్కడ నేర్చుకోవాలన్నదే మమ్మల్ని బాగా తిప్పలు పెట్టింది. మా జాబితాలో మూడు చోట్లు మిగిలాయి: గ్రీస్, స్పెయిన్ దక్షిణ కొసనున్న జిబ్రాల్టర్, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సోలెంట్. గ్రీస్‌లో ఎండ, వెచ్చటి నీళ్లు, నీలం ఫొటోలు అన్నీ ఉన్నాయి. కానీ మధ్యధరాలో ఆటుపోట్లు లేనట్టే లెక్క, అందుకని అక్కడిచ్చే సర్టిఫికెట్ మీద నాన్ టైడల్ (ఆటుపోట్లు లేని చోటు) అని రాస్తారు. దానితో గ్రీస్‌లో పడవ తీసుకోవచ్చు. రేపు ఇంగ్లండ్ తీరంలోనో ఫ్రాన్స్‌లోని బ్రిటనీలోనో తీసుకోవాలంటే మాత్రం ఆ మాట అడ్డొస్తుంది. జిబ్రాల్టర్ టైడల్ కిందకే వస్తుంది గానీ నీటి మట్టంలో తేడా అక్కడ మీటరుకు అటూ ఇటూ, అంతే. జలసంధి ప్రవాహాలు, లెవాంటర్ అనే తూర్పు గాలి బాగా నేర్పుతాయి, నిజమే. 2020 నుంచి ఆ చుట్టుపక్కల ఓర్కాలు (కిల్లర్ వేల్స్) పడవల చుక్కానిలను విరగ్గొడుతున్నాయన్న వార్తలు చదివాక మా ఆయన ఉత్సాహం సగానికి పడిపోయింది. దానికి తోడు మావి ఇండియన్ పాస్‌పోర్టులు. పక్కనున్న స్పెయిన్ రేవులో దిగాలన్నా షెంగెన్ వీసా చూసుకోవాలి. మొత్తానికి సోలెంట్‌కే వెళ్లాం.

సోలెంట్ అంటే సౌతాంప్టన్‌కూ ఐల్ ఆఫ్ వైట్‌కూ మధ్యనున్న నీళ్లు. అందంగా ఉంటుందని చెప్పను. చాలా రోజులు బూడిద రంగే. కానీ నేర్చుకోవడానికి ఇంతకన్నా కఠినమైన మాస్టారు దొరకడం కష్టం. సౌతాంప్టన్‌లో పెద్ద పోటు రోజుల్లో నీరు నాలుగు మీటర్ల వరకు లేచి పడుతుంది. పైగా పోటు ఒకసారి కాదు, సుమారు రెండు గంటల తేడాతో రెండుసార్లు గరిష్ఠానికి వస్తుంది. పడమటి కొసన హర్స్ట్ దగ్గర ప్రవాహం 4 నాట్లు (గంటకు ఏడు కిలోమీటర్ల పైనే) దాటుతుంది. ఎదురెళితే తెరచాప నిండా గాలి ఉన్నా పడవ ముందుకు పోదు, ఒడ్డు మీది చెట్టు ఎదురుగా అక్కడే ఉంటుంది. మధ్యలో బ్రాంబుల్ బ్యాంక్ అనే ఇసుక దిబ్బ ఉంది. నీరు బాగా తీసిన రోజున అది బయటపడుతుంది, రెండు యాట్ క్లబ్బుల వాళ్లు ఏటా దాని మీద క్రికెట్ ఆడతారు. ఆ దిబ్బ పక్కనుంచే కంటైనర్ ఓడలు మలుపు తిరుగుతాయి. 150 మీటర్లు దాటిన ఓడకు ముందు 1,000 మీటర్లు, ఇరుపక్కలా 100 మీటర్ల లోపలికి మన పడవ పోకూడదు. ఇవన్నీ చార్ట్ మీద లెక్క వేసుకుని బయల్దేరడం ఇక్కడ రోజూ తప్పదు.

మొదట కాంపిటెంట్ క్రూకి వెళ్లిన స్కూల్ పేరు చెప్పను. ధర తక్కువ, మెరీనా (పడవలు నిలిపే రేవు) బాగుంది. పడవలో ఇన్‌స్ట్రక్టర్ కాక ఐదుగురం. ఆర్‌వైఏ నియమం ప్రకారం అది గరిష్ఠ సంఖ్య, తప్పేమీ లేదు. కాకపోతే అందులో ముగ్గురు డే స్కిప్పర్ అభ్యర్థులు. రేవులోకి పడవను తెచ్చి కట్టే పని వంతులవారీగా వాళ్లదే. మేం పడవ పక్కలకి దెబ్బ తగలకుండా ఫెండర్లు వేలాడదీయడం, తాళ్లు విసరడం, టీ పెట్టడం. పైగా ఇంజిన్ మొరాయించి ఒక రోజంతా మెరీనాలోనే గడిచింది. ఆ రోజుకి బదులు ఏమిస్తారని అడిగితే, వాతావరణం, రిపేర్లు తమ చేతిలో లేవన్నారు. మరి పడవల్ని బాగు చేయించుకోవడం ఎవరి చేతిలో ఉన్నట్టో!

డే స్కిప్పర్‌కి అందుకే ఫోన్ చేసి మరీ అడిగాం: ఈ వారం పడవలో స్కిప్పర్ అభ్యర్థులు ఎందరు? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. ధర, పడవ వయసు, వెబ్‌సైట్ బొమ్మలు అన్నీ దీని తర్వాతే. ఐదు రోజులూ ఐదుగురూ చుక్కాని పంచుకుంటే ఒకరి వంతుకి ఒక రోజు. ముగ్గురే అయితే దాదాపు రెండు. మేం ఎంచుకున్న చోట ముగ్గురికి మించి తీసుకోమన్నారు. దానికి వంద పౌండ్ల పైన ఎక్కువే అయింది, కానీ మెరీనాలో అడ్డగాలికి పడవ కట్టడం పదేపదే చేయనిచ్చారు. యాట్‌మాస్టర్‌కు బయటి ఎగ్జామినర్ వస్తారు. డే స్కిప్పర్‌కు మాత్రం అదే ఇన్‌స్ట్రక్టర్ వారమంతా చూసి నిర్ణయిస్తారు. అందుకే 'పాస్ గ్యారంటీ' ధోరణిలో మాట్లాడే స్కూళ్లంటే నాకు అనుమానం. మాతో ఉన్న ఒకాయనకి ఆ వారం సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఏమేం సాధన చేసి రావాలో కాగితం మీద రాసిచ్చారు. ఆయన ముఖం చిన్నబోయింది గానీ, స్కూల్ మీద నాకు నమ్మకం అప్పుడే కుదిరింది.

థియరీ ముందే ఆన్‌లైన్‌లో పూర్తి చేశాం. 40 గంటల చదువు అంటారు. చిన్న రేవుల పోటు లెక్కలకి ఇంకా ఎక్కువే పట్టింది. అది లేకుండా పడవెక్కితే ఇన్‌స్ట్రక్టర్ సమయమంతా లెక్కలు చెప్పడానికే పోతుంది.

ఇక బస అంటే పడవే. సెలూన్‌లో, అంటే పడవ మధ్యనుండే హాల్లో పడక వస్తే అందరూ పడుకున్నాక పడుకోవాలి, అందరికన్నా ముందు లేవాలి. జంటగా వెళ్తున్నట్టు చెబితే క్యాబిన్ ఇచ్చే స్కూళ్లున్నాయి, అడగాలి. స్నానానికి మెరీనా షవర్లే దిక్కు. ఐల్ ఆఫ్ వైట్ రేవుల్లో చూస్తే కౌస్‌లో బాగున్నాయి, యార్మత్‌లోనూ ఫర్వాలేదు. న్యూటౌన్ క్రీక్‌లో లంగరు వేసిన రాత్రి మాత్రం స్నానం ఊసే లేదు, కానీ వారంలో అంత మంచి నిద్ర మరెక్కడా పట్టలేదు. భోజనం ఫీజులోనే ఉన్నా శాకాహారమంటే పాస్తా, మళ్లీ పాస్తా. మేం పులిహోర పేస్టు, పచ్చడి తీసుకెళ్లాం. చివరి రాత్రికి ఇన్‌స్ట్రక్టర్ కూడా పచ్చడి సీసా ఇటివ్వమన్నాడు. రేవు రుసుములు, డీజిల్, రెయిన్‌కోట్లు ఫీజులో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

తర్వాత గ్రీస్ వెళ్లాం, లెఫ్కడా దీవి నుంచి ఫ్లోటిల్లాలో, అంటే ఒక లీడ్ పడవ వెంట గుంపుగా వెళ్లే పడవల్లో. సోలెంట్ నేర్పనిది అక్కడ ఒకటుంది. లంగరు ముందు వేసి, పడవను వెనక్కి నడిపి, వెనకభాగాన్ని ఒడ్డుకి కట్టాలి. కెఫలోనియా దీవిలోని ఫిస్కార్దో రేవులో మధ్యాహ్నం దాటితే చోటు దొరకదు, పక్కవాడి గొలుసు మీద మన లంగరు పడితే పొద్దున్నే పంచాయితీ. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఫ్లోటిల్లాయే మంచిదని నా అభిప్రాయం. లీడ్ పడవ వాళ్లు ఒడ్డున నిలబడి తాళ్లు అందుకుంటారు. ఆటుపోట్ల లెక్క లేకపోవడంతో మా ఆయనకి టెన్షన్ సగం తగ్గింది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అక్కడే మొదలుపెట్టొచ్చా అని అడుగుతుంటారు. హుస్సేన్‌సాగర్‌లో క్లబ్బుల దగ్గర డింగీ అనే చిన్న తెరచాప పడవ మీద మొదలుపెట్టడం మంచి పని, గాలి ఎటునుంచి వస్తోందో ఒంటికి తెలుస్తుంది. 2017-18లో నేవీ తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద భూమిని చుట్టొచ్చిన ఆరుగురు నేవీ అమ్మాయిల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు కదా, మనవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. కానీ డే స్కిప్పర్ సర్టిఫికెట్‌కి డింగీ సరిపోదు, పడుకునే ఏర్పాటున్న యాట్ కావాలి.

కోర్సు ఎప్పుడు బుక్ చేయాలంటే, నేనైతే అక్టోబర్ అంటాను. ధర తగ్గుతుంది, మెరీనాల్లో చోటుంటుంది, రాత్రి ప్రయాణం కూడా భోజనాల వేళకే అయిపోతుంది. జూన్‌లో పది దాటితే గానీ సరిగ్గా చీకటి పడదు, బోయ్‌ల (నీటి మీద తేలే గుర్తుల) దీపాలు లెక్కపెట్టుకుంటూ రేవు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది, పొద్దున్న ఏడింటికి మళ్లీ బయల్దేరాలి.