కొత్త లెన్సా, పెళ్లిళ్ల పనా, వారం వారం ఒకే చోటా: ఫొటోలో చెయ్యి తిరగాలంటే ఏది మేలు?

ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు కెమెరా పట్టుకుని తిరిగే కుర్రాళ్లు ఈ మధ్య శ్రీకాకుళంలో బాగా కనిపిస్తున్నారు. మాట కలిస్తే దాదాపు అందరిదీ ఒకటే బాధ. కెమెరా కొన్నారు, ఆటో మోడ్ దాటారు, వీడియోలు చూశారు. ఫొటోలు మాత్రం ఏడాది కిందట ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. ఇప్పుడేం చెయ్యాలి అని అడుగుతారు.

వాళ్ల ముందున్న దార్లు మూడు. డబ్బుంటే మంచి లెన్స్ కొనడం. తెలిసిన ఫొటోగ్రాఫర్ ఉంటే పెళ్లిళ్ల సీజన్‌లో ఆయన వెంట అసిస్టెంట్‌గా వెళ్లడం. ఉన్న కెమెరాతోనే, దగ్గర్లో ఒక చోటు ఎంచుకుని ప్రతి వారం అక్కడికే వెళ్లడం. ఈ మూడోది చాలామందికి అసలు ఒక దారిలాగే కనిపించదు. మొదట పట్టాల్సింది అదేనని నా గట్టి నమ్మకం. మిగతా రెండూ కొందరికి, కొన్ని సందర్భాల్లో దానికంటే మేలు. ఆ సందర్భాలు తెలుసుకుంటే డబ్బూ, ఆదివారాలూ రెండూ వృథా కావు.

ముందు లెన్స్ సంగతి. కెమెరాతోపాటు వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెడితే ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). పదివేల రూపాయలకు అటూ ఇటూగా దొరికే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ దానికి దాదాపు పది రెట్ల వెలుతురు తీసుకుంటుంది. చీకటి పడ్డాక విజయనగరం గంటస్తంభం దగ్గర పూలమ్మే ఆమెను తియ్యాలంటే కిట్ లెన్స్‌తో ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులో ఫొటోను ప్రకాశవంతం చేసే సెట్టింగు, పెంచేకొద్దీ రవ్వలాంటి చుక్కలు పెరుగుతాయి) 6400 పెట్టాల్సి వస్తే, దీంతో సుమారు 640 చాలు. ముఖం మీద రవ్వ తగ్గుతుంది, వెనకున్న బండ్లూ బోర్డులూ మసకబారి ఆమె ఒక్కతే కనిపిస్తుంది. ఇది నిజమైన లాభమే.

అయితే లెన్స్ ఇచ్చేది వెలుతురు, మసక, దూరం, వెడల్పు. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు నొక్కాలో అది చెప్పదు. అందుకే కొనేముందు ఒక పని చెయ్యమంటాను. ఇప్పటిదాకా తీసిన వాటిలో మీకు బాగా నచ్చిన ఫొటోలు ఒక వంద కంప్యూటర్‌లో తెరిచి, ఏ ఫొటో ఎంత ఫోకల్ లెంగ్త్‌తో (18, 55 లాంటి ఎంఎం అంకె, పెరిగేకొద్దీ దూరానివి దగ్గరగా కనిపిస్తాయి) తీశారో చూడండి. ఆ వివరం ప్రతి ఫైలులోనూ ఉంటుంది. ఎక్కువ ఫొటోలు 55 దగ్గరే ఉంటే మీకు దూరం చాలడం లేదు. 18 దగ్గరే ఉంటే వెడల్పు చాలడం లేదు. సాయంత్రం ఫొటోలన్నీ కదిలిపోయి ఉంటే వెలుతురు చాలడం లేదు. ఇలా లోటు ఫలానా అని చెప్పగలిగితే నిశ్చింతగా కొనండి. చెప్పలేకపోతే లోటు లెన్స్‌లో లేదు.

ఇప్పుడు మూడో దారి. నేను కళింగపట్నం పేరు చెబుతాను. శ్రీకాకుళం నుంచి పాతిక ముప్పై కిలోమీటర్లు, తెల్లవారుజామున బైక్ మీద బయల్దేరితే వెలుగు రాకముందే చేరుకోవచ్చు. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, బోట్లు, వలలు, మనుషులు అన్నీ ఒకే దగ్గర. పొందూరు వాళ్లయితే మగ్గం ఉన్న ఒక వీధి ఎంచుకోవచ్చు, విజయనగరం వాళ్లు కోట చుట్టూ ఉన్న బజారు ఎంచుకోవచ్చు. మళ్లీ మళ్లీ వెళ్లడానికి వీలుండాలి, అంతే.

ఒకే చోటు ఎందుకంటే, అక్కడ పోల్చుకోవడం కుదురుతుంది. ఈ వారం అరకు, వచ్చే వారం భీమిలి, ఆపై వారం కొత్త లెన్స్ అయితే, ఒక ఫొటో బాగా వచ్చినా అది చోటు గొప్పదనమో, లెన్స్ గొప్పదనమో, మీదో తెలియదు. చోటూ లెన్సూ మారనప్పుడు ఫొటో మారిందంటే ప్రధాన కారణాలు మూడే. వెలుతురు మారింది, మీరు నిలబడ్డ చోటు మారింది, లేదా నొక్కిన క్షణం మారింది. ముఖ్యంగా నేర్చుకోవాల్సినవి కూడా ఆ మూడే.

మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రం మీదే లేస్తాడు. సముద్రం వైపు తిరిగి తీస్తే బోట్లూ మనుషులూ నల్లటి ఆకారాలుగా వస్తారు. మొదటిసారి వెళ్లిన ప్రతివాళ్లూ తీసే ఫొటో ఇదే, అందంగానే ఉంటుంది. అదే నిమిషంలో వెనక్కి తిరిగి ఊరివైపు చూడండి. వల లాగుతున్న వాళ్ల ముఖాల మీద పసుపు పూసినట్టు ఎండ పడుతుంటుంది. సాయంత్రం వరస తిరగబడుతుంది. సూర్యుడు ఊరివైపు దిగుతాడు కాబట్టి బోట్ల రంగులు పూర్తిగా బయటపడతాయి, వెనక సముద్రం నీలంగా ఉంటుంది. ఇది చదివితే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. చేతికి ఎక్కడానికి మాత్రం చాలా ఉదయాలు పడుతుంది.

నెలలు గడిచేకొద్దీ ఇంకో సంగతి బయటపడుతుంది. జూన్‌లో సూర్యుడు ఈశాన్యం వైపు జరిగి లేస్తాడు, డిసెంబరులో ఆగ్నేయం వైపు. అదే లైట్‌హౌస్, అదే గంట, నీడ మాత్రం వేరే పక్కన పడుతుంది. అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులే ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకడానికి కారణం కూడా సూర్యుడి ఈ కదలికే. వెలుతురును అంత శ్రద్ధగా గమనించి గుడి కట్టిన వాళ్ల జిల్లాలో ఉన్నాం. మనం కూడా ఆ కదలికను ఫొటోల్లో పట్టుకోగలగాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

వెళ్లేటప్పుడు ఒక నిబంధన పెట్టుకోండి. కిట్ లెన్స్ జూమ్ రింగును 35 దగ్గర ఆపి, కదలకుండా టేపు అంటించండి. చిన్న సెన్సర్ (వెలుతురు పడే చిప్) ఉన్న కెమెరాల్లో అది ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ కెమెరా, మీద 50 ఎంఎం చూపించే దృశ్యానికి దగ్గరగా ఉంటుంది. దగ్గరగా కావాలంటే నడవాలి, వెడల్పు కావాలంటే వెనక్కి జరగాలి. కొద్ది వారాల్లో కెమెరా కంటికి పెట్టుకోకముందే ఫ్రేమ్‌లో ఏం పడుతుందో తెలియడం మొదలవుతుంది. ఒక వారం షటర్ వేగం, అంటే వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలో, దాని మీదే దృష్టి పెట్టండి. 1/1000 సెకను దగ్గర విసిరిన వలలోని నీటి చుక్కలు కూడా ఆగిపోతాయి. ట్రైపాడ్ మీద అర సెకను పెడితే అల పాలలా పరుచుకుంటుంది. ఇంకో వారం చేతులు మాత్రమే తియ్యండి. మరో వారం మబ్బు రోజే వెళ్లండి, నీడ లేని వెలుతురులో ముఖాలు ఎంత మెత్తగా వస్తాయో చూడండి. డిసెంబరు, జనవరిలో మంచు పట్టిన ఉదయాలు వదులుకోవద్దు. అక్టోబరు ఆకాశం అద్భుతంగా ఉంటుంది కానీ 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చింది ఆ నెలలోనే. తుపాను హెచ్చరిక ఉంటే ఒడ్డుకు వెళ్లకండి. ఏ ఫొటో కూడా అంత విలువైనది కాదు.

అన్నిటికంటే పెద్ద లాభం మనుషులతో ఏర్పడే చనువు. కొత్తలో కెమెరా చూడగానే అందరూ బిగుసుకుపోతారు, లేదా పోజు ఇస్తారు. కొన్ని వారాలయ్యాక ఎవరో పెద్దాయన "ఏటి బాబూ, మళ్లీ వచ్చినావేటి?" అంటాడు. ఆ మాట పడ్డాక పని మళ్లీ పనిలా సాగుతుంది, మీరు ఫొటో మళ్లీ ఫొటోలా తియ్యొచ్చు. అడిగి తియ్యండి, వద్దంటే కెమెరా దించండి. తీసిన వాటిలో బాగున్నవి 4×6 ప్రింట్లు వేయించి తర్వాతి వారం వాళ్ల చేతిలో పెట్టండి. ఆ సైజు ప్రింటుకు 1200×1800 పిక్సెళ్లు సరిపోతాయి. అంటే ఇరవై రెండు లక్షల లోపే. కాబట్టి కెమెరా లేని వాళ్లు ఫోన్‌తోనే ఇదంతా మొదలుపెట్టొచ్చు. ఫోన్‌లో ఎపర్చర్ సాధారణంగా మారదు, షటరూ ఐఎస్‌ఓ ప్రో మోడ్‌లో మారతాయి. వెలుతురూ, నిలబడే చోటూ నేర్చుకోవడానికి అది చాలు.

ఈ దారికి లోటు లేదా అంటే ఉంది. తొందర పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ఈ అల పోతే ఇంకో అల వస్తుంది. ఫ్లాష్ వాడే అవసరం దాదాపు రాదు. ఇక్కడే పెళ్లిళ్ల పని పైచేయి.

పెళ్లి ఫొటోగ్రాఫర్ వెంట అసిస్టెంట్‌గా వెళ్తే మొదట్లో చేతికి వచ్చేది లైట్ స్టాండే, కెమెరా కాదు. దాన్ని చిన్నచూపు చూడొద్దు. లైటు రెండడుగులు పక్కకు జరిపితే పెళ్లికూతురి ముక్కు నీడ ఎటు పోతుందో, పైకెత్తితే కళ్ల కింద ఏమవుతుందో రాత్రంతా కళ్లారా చూస్తారు. ఇది ఏ వీడియోలోనూ ఇంత బాగా ఎక్కదు. ఎర్ర టెంటు కింద అందరి ముఖాలూ ఎర్రబారుతుంటే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే వచ్చేలా రంగు సరిచేసే సెట్టింగు) ఎందుకు ముఖ్యమో ఆ రాత్రే తెలిసిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి కొన్ని ఎల్ఈడీ లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి, కంటికి తెలియదు. షటర్ వేగం పెంచితే ఫొటోలో నల్లటి పట్టీలు పడతాయి, 1/100కో 1/50కో దించితే పోతాయి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, తాళి ముడి పడే క్షణం రెండోసారి రావు. ఎదురుగా బంధువులు లేచి నిలబడతారు, వీడియో అతను అడ్డం వస్తాడు, హోమం పొగ కమ్ముతుంది. అయినా ఫొటో రావాలి. ముందే చోటు చూసుకుని, సెట్టింగు సరిచేసుకుని సిద్ధంగా ఉండే అలవాటు ఆ టెన్షన్‌లోనే వస్తుంది.

మరి మొదట అక్కడికే ఎందుకు వెళ్లకూడదు? అక్కడ ఏ ఫొటో కావాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆల్బమ్‌కు కావాల్సిన వరస ఉంటుంది, ఇంటివాళ్లకు కావాల్సిన పోజులుంటాయి. సొంత చూపు ఏర్పడకముందే అందులో దిగినవాళ్లు ఎక్కడికి వెళ్లినా అవే పోజులు తీస్తూ ఉండిపోవడం చూస్తున్నాను. పైగా చాలా ముహూర్తాలు రాత్రిపూటే, సోమవారం ఆఫీసు ఉన్నవాళ్లకు ఒళ్లు హూనమవుతుంది. ఆషాఢం, పుష్యం వస్తే పనే ఉండదు. వెళ్లేముందు ఫొటోగ్రాఫర్‌ను ఒక మాట అడగండి: "అన్నా, విడిది దగ్గరో, భోజనాల దగ్గరో కొంతసేపు నన్ను కూడా తియ్యనిస్తారా?" తియ్యనివ్వనంటే ఒక సీజన్ చాలు. తియ్యనిస్తే, ఆ ఫొటోలు ఇంటివాళ్లను అడగకుండా ఎక్కడా పెట్టొద్దు.

ఈ రెంటి మధ్యలో మనకు దొరికే మంచి పరీక్ష విజయనగరం సిరిమానోత్సవం. దసరా తర్వాత వచ్చే మంగళవారం, పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే చివర పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల సాగుతాయి. లక్షల జనం. చోటు మార్చుకునే వీలుండదు కాబట్టి ముందురోజే వెళ్లి ఎక్కడ నిలబడితే మధ్యాహ్నపు ఎండ ఏ పక్కనుంచి పడుతుందో చూసుకోవాలి. మూడుసార్లు తిరుగుతుంది కనుక మొదటిసారి వెడల్పుగా, రెండోసారి పూజారి ముఖం, మూడోసారి చేతులెత్తి మొక్కే జనం అని పంచుకోవచ్చు. కళింగపట్నంలో నేర్చిన చూపూ, పెళ్లిలో నేర్చిన వేగమూ రెండూ ఇక్కడ అక్కరకొస్తాయి.

వీడియో పాఠాల గురించి ఒక్క మాట. ఫలానా బటన్ ఏం చేస్తుందో తెలుసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి, అంతవరకే చూసి బయటికి వెళ్లండి.

ఇక ఎవరికి ఏది? ఫొటోలతో సంపాదించుకోవాలి అనుకునేవాళ్లకు పెళ్లిళ్ల పనే ముందు. అక్కడ పని, పరిచయాలు, కస్టమర్‌తో మాట్లాడే తీరు ఒకేసారి వస్తాయి. ఆదివారం దూరం వెళ్లలేని గృహిణికో, విద్యార్థికో తమ వీధే ఆ ఒకే చోటు కావచ్చు. ఉద్యోగం ఉండి, ఇష్టం కొద్దీ తీసేవాళ్లు నాలుగైదు నెలలు ఒకే చోటికి వెళ్లి, మాఘమాసం పెళ్లిళ్లకు అసిస్టెంట్‌గా చేరి, ఆ తర్వాతే లెన్స్ సంగతి ఆలోచిస్తే మంచిది.

పక్షుల మీద మనసున్నవాళ్లకు మాత్రం ఈ వరస వర్తించదు. టెక్కలి వైపు తేలినీలాపురంలో పెలికాన్లూ కొంగలూ చెట్ల మీద గూళ్లు పెట్టుకునే కాలంలో 55 ఎంఎంతో వెళ్తే చెట్లే వస్తాయి. కనీసం 300 ఉండాలి, ఎగిరే పక్షికి షటర్ 1/1000 పైన ఉండాలి. అక్కడ లెన్స్ కొనడం మొదటి పనే. చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపొద్దు, గూళ్ల కిందికి వెళ్లొద్దు. అక్కడికి దగ్గర్లోని నౌపడ ఉప్పు మళ్ల దగ్గర ఆగితే ఒక పాఠం ఉచితంగా దొరుకుతుంది. తెల్లటి ఉప్పును కెమెరా మీటరు (వెలుతురు ఎంత కావాలో లెక్కకట్టేది) బూడిద రంగుగా తీస్తుంది, ఎక్స్‌పోజర్ ఒకటి ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) పెంచితేనే తెలుపు తెలుపుగా వస్తుంది.

పెద్ద లెన్స్ ఖరీదు కాబట్టి చాలామంది సెకండ్ హ్యాండ్‌లో చూస్తారు. మన తీరంలో గాలి తేమ ఎక్కువ, మూసిన సంచిలో నెలల తరబడి ఉంచిన లెన్స్‌కు బూజు పడుతుంది. డబ్బు ఇచ్చేముందు లెన్స్ రెండు మూతలూ తీసి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి ఇంకో వైపు నుంచి చూడండి. లోపల సన్నటి దారపు పోగుల్లాంటివి కనిపిస్తే ఎంత చవగ్గా ఇస్తానన్నా తీసుకోవద్దు. కొన్నాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి, బీచ్ నుంచి రాగానే పొడి గుడ్డతో బయటంతా తుడవండి.